డాక్టరు గారు వీపు మీద ఎందుకు తడతారు?



దగ్గు తగ్గడం లేదని ఆసుపత్రికి వెళ్తాం. చీటీ రాయించుకుని, వరుసలో నిలబడి, చివరికి లోపలికి వెళ్తే డాక్టరు గారు "అటు తిరిగి కూర్చోండమ్మా, కొంగు కాస్త పక్కకు తీయండి" అంటారు. అక్కడే మనకు చిక్కు. మన పాతబస్తీలో కొంగు నిండా కప్పుకునేవాళ్లం కొందరం, బురఖా వేసుకునేవాళ్లు కొందరు. సిగ్గు మాత్రం అందరికీ ఒకటే. "పైనుంచే చూడండి" అని ముడుచుకుపోతాం. బట్ట రాసుకునే చప్పుడు గొట్టంలో పడితే, ఊపిరి చప్పుడేదో బట్ట చప్పుడేదో ఆయనకెలా తెలుస్తుంది? అసలు ఆ పరీక్షలో ఏం చూస్తారో తెలుసుకుంటే సగం బెరుకు పోతుంది.

ఈ పరీక్షకు నాలుగు మెట్లు. చూడటం, తాకడం, తట్టడం, వినడం.

చూడటం మనం గడప దాటగానే మొదలవుతుంది. మాట మధ్యలో ఆయాసంతో ఆగుతున్నామా? పెదవులు నీలంగా ఉన్నాయా? వేళ్ల చివరలు ఉబ్బి గోళ్లు గుండ్రంగా తిరిగాయా? ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము రెండు పక్కలా సమానంగా లేస్తోందా? ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. అదీ లెక్కపెడతారు.

తర్వాత మెడలో బిళ్లలున్నాయేమో, గాలిగొట్టం ఒక పక్కకు జరిగిందేమో తాకి చూస్తారు. వీపు మీద అరచెయ్యి ఆనించి ఏదో ఒక అంకె పైకి చెప్పమంటారు. మనకు నవ్వొస్తుంది గానీ, గొంతులోని అదురు వీపు దాకా వస్తుందండీ. నిమ్ము చేసి ఊపిరితిత్తి గట్టిపడితే ఆ అదురు ఎక్కువవుతుంది, చుట్టూ నీరు చేరితే తగ్గుతుంది.

ఇక తట్టడం. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడమా? అలాంటిదే ఇదీ. గాలి ఉన్నచోట గుల్లగా మోగుతుంది, నీరు చేరినచోట బండమీద కొట్టినట్టు మొద్దుగా ఉంటుంది. ఈ పద్ధతిని 1761లో వియన్నా వైద్యుడు ఆవెన్‌బ్రుగ్గర్ పుస్తకంగా రాశాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. పీపాను తట్టి అందులో సారా ఎంతవరకు ఉందో చెప్పడం ఆ ఇంట్లో చూసిన విద్యేనంటారు.

చివరిది వినడం. పూర్వం వైద్యులు రోగి రొమ్ముకు చెవి ఆనించి వినేవారు. 1816లో పారిస్‌లో లేనెక్ అనే వైద్యుడి దగ్గరికి ఒక యువతి వచ్చింది. అలా చెవి ఆనించడం మర్యాద కాదనిపించి, ఆయన కాగితాన్ని గొట్టంలా చుట్టి దాంతో విన్నాడు. చప్పుడు ఇంకా బాగా వినిపించింది! చూశారా, స్టెతస్కోపు ఒక ఆడదాని మర్యాద కోసం పుట్టిన సాధనం. దాన్ని చూసి మనమే ముడుచుకుపోతే ఎలా?

గాలిగొట్టాలు ఇరుకైతే పిల్లికూతలు వినిపిస్తాయి. నిమ్ము చేస్తే చెవి దగ్గర వెంట్రుకలు నలిపినట్టు చిటపటలాడుతుంది. ఊపిరితిత్తుల కింది భాగాలు ఎక్కువగా వీపు వైపు నుంచే దొరుకుతాయి. అందుకే వీపు చూపించకపోతే పరీక్ష పూర్తికాదు. ముందు హుక్కులున్న వదులు జాకెట్టు వేసుకెళ్లండి. అత్తగారినో ఆడపడుచునో తోడు తీసుకెళ్లండి. నర్సమ్మను పక్కన ఉండమని అడగండి, తప్పేమీ లేదు. చేసే పని కూడా చెప్పండి. లాడ్‌బజారుకు లక్కగాజులు చేస్తూ బొగ్గుల కుంపటి ముందు కూర్చునే తల్లులు ఆ సంగతి మరీ తప్పక చెప్పాలి.

పసిపిల్లలకు మొదటి మెట్టు ఇంట్లోనే చూడొచ్చు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, గడియారం పెట్టుకుని ఒక పూర్తి నిమిషం పొట్ట, రొమ్ము ఎన్నిసార్లు లేస్తున్నాయో లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి అయిదేళ్ల దాకా 40 – అంతకు చేరినా, దాటినా, డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, ఆవిరి పడుతూ, పసరు పోస్తూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి ఎత్తుకెళ్లండి.

ఒక్క మాట మరవకండి. గొట్టంతో అన్నీ తెలిసిపోవు. క్షయ ఉన్నా ఒక్కోసారి చప్పుళ్లు మామూలుగానే ఉంటాయి. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం పూట జ్వరం వస్తున్నా, చిక్కిపోతున్నా, తెమడలో నెత్తురు కనిపించినా తెమడ పరీక్ష, ఎక్స్‌రే చేయించాల్సిందే. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలోనే కాదు, ఏ సర్కారు ఆసుపత్రిలోనైనా క్షయకు మందులు ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలలు మానకుండా వాడితే నయమవుతుంది. పెళ్లికావలసిన పిల్ల దగ్గుతోందని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని దాచే తల్లులున్నారు. సంబంధం ఇంకోటి వస్తుందమ్మా, పిల్ల వస్తుందా?

ఆ గొట్టం కనిపెట్టిన లేనెక్ కూడా 1826లో క్షయతోనే పోయాడు. అప్పటికి దానికి మందు లేదు. మనకు ఉంది. ఈసారి డాక్టరు గారు అటు తిరగమంటే నిశ్చింతగా తిరిగి, నోరు తెరిచి నిండుగా ఊపిరి పీల్చండి.

సెలవు.