పార్టీ లేని ఓటరు

మన ఊళ్ళలో ఇండిపెండెంటు అంటే అభ్యర్థే. టిక్కెట్టు రాక అలిగి నిలబడ్డవాడో, సరదాకి నామినేషను వేసినవాడో గుర్తుకొస్తాడు. అమెరికాలో ఆ మాట ఓటరుకి కూడా వాడతారు. 2024లో గ్యాలప్ సర్వేల్లో తాము ఇండిపెండెంట్లమని చెప్పుకున్నవాళ్ళు నూటికి 43 మంది. ఏ ఒక్క పార్టీకీ అంతమంది లేరు.

మరి ఇంతమంది ఉండి, జార్జి వాషింగ్టన్ తరవాత పార్టీ అండ లేకుండా ఒక్కరూ అధ్యక్షుడు కాలేదేం? మొదటి కారణం, వీళ్ళలో ఎక్కువమంది లోలోపల ఏదో ఒక పార్టీ వైపు మొగ్గేవాళ్ళే. రెండోది ఓట్ల లెక్క. 1992లో రాస్ పెరోకి దాదాపు 19 శాతం ఓట్లు వచ్చాయి. ఇండియాలో అయితే ఆరోవంతు దాటాడు కనక డిపాజిట్టు దక్కేది. ఇక్కడ 538 ఎలక్టొరల్ ఓట్లలో ఒక్కటీ రాలేదు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో మొదట నిలిచినవాడికే ఆ రాష్ట్రం ఓట్లన్నీ పోతాయి. దేశమంతా చెదిరిన ఓటు ఎక్కడా మొదట నిలవదు.

చిన్న రాష్ట్రాల్లో కథ వేరు. మెయిన్‌లో యాంగస్ కింగ్ 1994లో ఇండిపెండెంటుగా గవర్నరయ్యారు, 2012లో సెనేటుకి గెలిచారు. వెర్మాంట్ నుంచి బెర్నీ శాండర్స్ 2007 నుంచీ సెనేటరు. జనం తక్కువున్నచోట మనిషి పేరు పార్టీ పేరుకి సాటి రాగలదు. అయినా సెనేటులో ఇద్దరూ డెమొక్రాట్లతోనే కూర్చుంటారు. కమిటీల్లో చోటు దొరికేది పార్టీల ద్వారానే.

మన కుటుంబాలకి అసలు సంగతి ప్రైమరీ. పౌరసత్వం వచ్చాక మనవాళ్ళు చాలామంది "ఈ గొడవలు మనకెందుకు" అని ఏ పార్టీ లేకుండా నమోదవుతారు. నేనుండే పెన్సిల్వేనియాలో అలాంటివాళ్ళకి అభ్యర్థుల్ని ఎంపిక చేసే ప్రైమరీలో ఓటు లేదు. ఫిలడెల్ఫియా మేయరు పదవి 1952 నుంచీ డెమొక్రాట్లదే. 2023 మేలో వాళ్ళ ప్రైమరీ గెలిచిన చెరెల్ పార్కరే నవంబరులో మేయరుగా గెలిచారు. నవంబరులో మాత్రమే ఓటేసినవాళ్ళు పెళ్ళయ్యాక భోజనానికి వెళ్ళినట్టే.

టెక్సస్, వర్జీనియాల్లో ఈ చిక్కు లేదు. అక్కడ పార్టీవారీ నమోదే ఉండదు. మా రాష్ట్రంలో ప్రైమరీకి పదిహేను రోజుల ముందు వరకూ పార్టీ మార్చుకోవచ్చు. ఏ పార్టీకీ చెందకపోవడం తప్పని నేననను. దానికి మీ రాష్ట్రంలో చెల్లించే ధర ఎంతో కనుక్కుని, ఆ తరవాత నిర్ణయించుకోండి.