‘వైన్స్’లో తియ్యటి వైన్ దొరుకుతుందా? లేబుల్‌పై ఇవి చూడండి!

ఆలంపూర్ చౌరస్తాలో అయినా, హైదరాబాద్‌లో అయినా బోర్డు మీద ‘వైన్స్’ అనే ఉంటుంది. లోపల మాత్రం బీరు, విస్కీలే ఎక్కువ. మరి తియ్యటి వైన్ కావాలంటే ఏమని అడగాలి?

ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్‌గా మారుస్తుంది. చక్కెర దాదాపు అయిపోతే ‘డ్రై’ వైన్. మిగిలితే తియ్యటి వైన్.

● లేట్ హార్వెస్ట్: ద్రాక్ష బాగా పండాక ఆలస్యంగా కోస్తారు. నాసిక్‌కు చెందిన సులా కంపెనీలో ఈ రకం ఉంది.
● మోస్కాటో డాస్తి: ఇటలీ వైన్. పులియడాన్ని మధ్యలోనే ఆపేస్తారు. ఆల్కహాల్ సుమారు 5 శాతమే.
● పోర్ట్: పోర్చుగల్ వైన్. పులుస్తుండగానే ద్రాక్ష స్పిరిట్ కలుపుతారు. తీపి మిగులుతుంది, ఆల్కహాల్ దాదాపు 20 శాతం.

‘ఫ్రూటీ’ అని రాసి ఉంటే పండ్ల వాసన అని అర్థం, తీపి అని కాదు. ఇంకో చిట్కా: పక్కన తినే పండు కంటే వైనే తియ్యగా ఉండాలి. పాలమూరు సీతాఫలం తిని డ్రై వైన్ తాగితే పుల్లగా తగులుతుంది.

అసలు జాగ్రత్త ఇక్కడే. తియ్యగా ఉంది కదా అని గడగడా తాగేయొద్దు. ఒక గ్లాసు పోర్ట్‌లో, అదే గ్లాసు 5 శాతం బీరుకు నాలుగింతల ఆల్కహాల్ ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగాల్సిందే. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. తాగితే బండి తీయొద్దు!