నిప్పు కాచిన పెరుగు

నెవాడా ఎడారిలో పొద్దు వాలుతోంది. బండి ఆపగానే సొరుగులోంచి రసమట్టం తీసి ఫ్రిజ్ లోపలి అర మీద పెట్టాను. గాజుగొట్టంలో బుడగ ఎడమకు జరిగింది. అంటే బండి కుడికి ఒరిగింది. కుడివైపు టైర్ల ముందు చెక్కలు వేసి, బండిని వాటి మీదికి నెమ్మదిగా ఎక్కించాను. బుడగ నడిమికి వచ్చింది. మా ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి పెరుగు గిన్నె చూసుకుంది. పెరుగు గడ్డగా, చల్లగా ఉంది. ఆ తర్వాతే కాఫీకి నీళ్లు పెట్టింది.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. అక్కడ ఒక మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని, ఇంటర్‌స్టేట్ 80 రహదారి పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బయలుదేరాం. అమెరికాను అడ్డంగా దాటే ఆ దారి పొడవు సుమారు 4,600 కిలోమీటర్లు. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, బాత్‌రూమ్ అన్నీ బండిలోనే. కరెంటు ప్లగ్గు ఉన్న క్యాంపుల్లో కొన్ని రాత్రులు, తీగ అన్నది కనిపించని బయళ్లలో మరికొన్ని రాత్రులు గడిపాం.

బండి అప్పగించిన రోజున అక్కడి కుర్రాడు వెనక గోడకున్న చిన్న తలుపు తెరిచి ఫ్రిజ్ వీపు చూపించాడు. నల్లటి ఇనుప గొట్టాలు మెలికలు తిరిగి ఉన్నాయి. వాటి అడుగున, చిటికెన వేలంత నీలిమంట వెలుగుతోంది.

“ఏమండీ, ఇది పొయ్యా, ఫ్రిజ్జా?” అంది మా ఆవిడ.

ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పాను. అయినా ఆ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. దారి పొడవునా చెబుతూ వచ్చాను.

మొదలు మన కుండ దగ్గరే. చల్లదనాన్ని ఎవరూ తయారుచెయ్యలేరు. ఒకచోటి వేడిని ఎత్తి మరోచోట పారబోస్తే, మొదటిచోట మిగిలేదే చల్లదనం. మట్టికుండ ఒంటిమీద చెమ్మ ఆరుతున్నప్పుడు ఒక్కో గ్రాము నీరు 500 కేలరీలకు పైగా వేడిని తనతో మోసుకుపోతుంది. లోపలి నీరు ఆ మేరకు చల్లబడుతుంది. వంద డిగ్రీల దగ్గర మరిగే నీరు ముప్ఫై డిగ్రీల దగ్గరే ఎందుకు ఆవిరవుతుంది? చుట్టూ ఉన్న గాలిలో తేమ తక్కువగా ఉంది కాబట్టి. పొడిగాలి ఉంటే చాలు, నీరు మరగకుండానే ఎగిరిపోతుంది. ఉక్కపోత రోజున కుండ సరిగా చల్లబడకపోవడానికీ కారణం ఇదే. గాలి అప్పటికే తేమతో నిండిపోయి ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకుంటే ఫ్రిజ్ రహస్యంలో సగం తెలిసినట్టే.

మంచు గడ్డ కావాలంటే నీటి కంటే తేలిగ్గా ఎగిరే ద్రవం ఉండాలి. అమ్మోనియా మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. పైగా దానికి నీళ్లంటే తగని మక్కువ. లీటరు నీళ్లు వందల లీటర్ల అమ్మోనియా వాయువును ఇట్టే పీల్చుకుంటాయి. ఇంటర్మీడియెట్ ల్యాబ్‌లో అమ్మోనియా ఫౌంటెన్ చూసినవాళ్లకు ఆ దాహం ఎంతటిదో తెలుసు. ఆ నీళ్లను వేడిచేస్తే పీల్చుకున్న వాయువు మళ్లీ బయటికి వస్తుంది. నిప్పుతో చల్లదనం తెచ్చే దారి ఇక్కడ దొరికింది. ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్డినాండ్ కారే 1859లో ఈ సూత్రం మీద మంచు యంత్రం కట్టాడు. అప్పట్లో మద్రాసు దొరలు బోస్టన్ చెరువుల మంచును ఓడల్లో తెప్పించుకునేవారు. ఆ మంచు దాచిన ఐస్‌హౌస్ చెన్నై సముద్రపు ఒడ్డున ఇప్పటికీ ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది మంచు దక్షిణాదికి చేరడం ఆగిపోతే, కారే యంత్రాలు అక్కడికి దొంగదారిన చేరాయి.

కానీ కారే యంత్రానికి ఒక కష్టం ఉంది. 40 డిగ్రీల ఎండలో అమ్మోనియా ఆవిరి తిరిగి ద్రవం కావాలంటే వాతావరణ పీడనానికి 15 రెట్ల ఒత్తిడి ఉండాలి. అదే అమ్మోనియా చల్లటి అరలో మైనస్ 20 దగ్గర మరగాలంటే ఒత్తిడి రెండు రెట్లకు మించకూడదు. ఒకే గొట్టంలో ఆ చివర 15, ఈ చివర 2 ఉండాలంటే మధ్యలో కవాటాలు, ద్రవాన్ని తోసే పంపు తప్పవు. పంపు ఉంటే దాన్ని తిప్పేవాళ్లు ఉండాలి. అలాంటిది కర్మాగారంలో పనికొస్తుంది, వంటింట్లో కాదు.

ఈ చిక్కుముడి 1922లో విడింది. విప్పినవాళ్లు స్టాక్‌హోమ్ సాంకేతిక విద్యాసంస్థలో చదువుతున్న పాతికేళ్ల కుర్రాళ్లు, బాల్ట్జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్. గొట్టమంతా ఒకే ఒత్తిడిలో ఉంచి, అమ్మోనియా ఒత్తిడి తక్కువైనచోట ఆ లోటును హైడ్రోజన్‌తో పూడ్చారు. కుండ చుట్టూ పొడిగాలి చేసే పనినే అమ్మోనియా చుట్టూ హైడ్రోజన్ చేస్తుంది. చల్లటి అరలోకి కారిన ద్రవ అమ్మోనియాకు ఎదురయ్యేది దాదాపు హైడ్రోజనే. అమ్మోనియా ఆవిరి అక్కడ కొద్దిగానే ఉంటుంది. మొత్తం ఒత్తిడి ఎంతున్నా, మిశ్రమంలో ఏ వాయువు వాటా ఆ వాయువుదేనని డాల్టన్ ఏనాడో చెప్పాడు. అందుకని అమ్మోనియా చుట్టూ చోటు ఖాళీగా ఉన్నట్టే ఎగిరిపోతుంది. ఎగురుతూ పెరుగులోని వేడిని ఎత్తుకుపోతుంది.

ఇది చెప్పినప్పుడు మా ఆవిడ కాసేపు ఆలోచించి, “అయితే ఇనుప గొట్టంలో పెట్టిన కుండన్నమాట” అంది. తరగతి గదిలో అంత చక్కటి వాక్యం నాకెప్పుడూ తట్టలేదు.

మిగతా కథ మంట నడిపిస్తుంది. బరువెక్కిన వాయుమిశ్రమం కిందికి దిగుతుంది. అక్కడ నీళ్లు అమ్మోనియాను పీల్చుకుంటాయి. తేలికైన హైడ్రోజన్ మళ్లీ పైకి వెళ్లిపోతుంది. అమ్మోనియా నిండిన నీళ్లు మంట దగ్గరికి చేరి కాగుతాయి. ఎసరు మరిగేటప్పుడు బుడగలు నీటిని పైకి ఎగదోసినట్టే, ఇక్కడా సన్నటి గొట్టంలో బుడగలు ద్రవాన్ని పైకి తోస్తాయి. పంపు చెయ్యాల్సిన పని బుడగలే చేసేస్తాయి. నీరు ఒక దారిన దిగి మళ్లీ అమ్మోనియాను పీల్చుకునే పనిలో పడుతుంది. ఆవిరి మరో దారిన పైకెక్కి, చల్లబడి, ద్రవమై, మళ్లీ పెరుగు దగ్గరికి వస్తుంది. ఈ గొట్టాల లోపల కదిలే చక్రం లేదు, కవాటం లేదు, చప్పుడు లేదు. రాత్రిపూట వెనక జాలీ దగ్గర చెయ్యి పెడితే వెచ్చటి గాలి తగిలేది. అందులో మంట వేడి ఉంది, మా పెరుగు వదిలిన వేడి కూడా ఉంది.

రసమట్టం ఎందుకంటే, లోపలి ద్రవాలన్నీ పల్లం చూసుకుని పారాల్సిందే. ఆగిన బండి ఒరిగి ఉంటే నీరు ఒక మూల నిలిచిపోతుంది, మంట మీది గొట్టం ఎండి మాడుతుంది. తుప్పు పట్టకుండా కలిపిన క్రోమేట్ లవణం గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఆ తర్వాత ఫ్రిజ్ కోలుకోదు. బండి నడుస్తున్నప్పుడు కుదుపులకు ద్రవం అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది కాబట్టి భయం లేదు.

1925లో ఎలక్ట్రోలక్స్ ఈ ఆవిష్కరణను కొనుక్కుంది. అమెరికాలో సర్వెల్ కంపెనీ ఇండియానా రాష్ట్రంలోని ఎవాన్స్‌విల్‌లో వీటిని తయారుచేసి, వంటగ్యాస్ ఉన్న ఇళ్లకు అమ్మింది. అదే కాలంలో బెర్లిన్‌లో ఒక కుటుంబం ఫ్రిజ్‌లోంచి కారిన విషవాయువుకు బలైందని పత్రికలో చదివి ఐన్‌స్టీన్ చలించిపోయాడు. తోటి భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్‌తో కలిసి కదిలే భాగాలు లేని మరో ఫ్రిజ్ రూపొందించాడు. 1930లో వాళ్లకు అమెరికా పేటెంటు దక్కింది.

అయితే ఊళ్లకు కరెంటు వచ్చాక కంప్రెసర్ గెలిచింది. అదే శక్తితో అది కొన్ని రెట్లు ఎక్కువ వేడిని తోడిపోస్తుంది మరి. నీలిమంట ఫ్రిజ్ ఇళ్లలోంచి వెళ్లిపోయి, తీగ చేరని చోట్లలో నిలబడింది. కరెంటు లేని పల్లెల ఆసుపత్రుల్లో కిరోసిన్ దీపంతో నడిచి టీకా మందులను కాపాడింది. చప్పుడు చెయ్యదు కాబట్టి హోటల్ గదుల్లో చోటు సంపాదించింది. 1956 నాటి రహదారుల చట్టంతో అమెరికాలో పెద్ద రోడ్లు పడ్డాయి. 1966 నుంచి అయోవా రాష్ట్రంలో విన్నెబాగో మోటార్‌హోమ్‌లు వరసగా తయారయ్యాయి. గ్యాస్ సిలిండరు తప్ప మరేమీ అడగని ఈ ఫ్రిజ్‌కు చక్రాల మీది ఇల్లు మెట్టినిల్లయింది. పట్నంలో ఓడిపోయిన యంత్రం దారి మీద గెలిచింది. దాని గుణం మారలేదు, అది నిలబడిన చోటు మారిందంతే. ఒక ఆవిష్కరణ విలువ కట్టేముందు అది ఎక్కడ నిలబడి ఉందో అడగాలని ఈ ప్రయాణం నాకు నేర్పింది.

ఇప్పుడు ఆ చోటూ మారుతోంది. ఆ నెవాడా రాత్రి మా పక్కన ఆగిన వ్యాన్ కప్పు మీద సోలార్ పలకలు, లోపల లిథియం బ్యాటరీ, చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్నాయి. వాళ్లకు రసమట్టం అక్కర్లేదు. నీలిమంటకు వయసు మీద పడుతోందని నాకు అర్థమైంది.

మా అమ్మాయి ఇంట్లో తీసుకున్న తోడుతో మొదటిరోజు పెరుగు వేశాం. ఆ పెరుగులో ఒక చెంచా మర్నాటి పాలకు, అందులో ఒక చెంచా ఆ మర్నాటికి. అలా పెన్సిల్వేనియా, అయోవా, నెబ్రాస్కా, యూటా దాటి శాన్‌ఫ్రాన్సిస్కో చేరాం. బండి తిరిగి అప్పగించే ముందు గ్యాస్ మీట కట్టేశాను. నీలిమంట ఆరిపోయింది. మా ఆవిడ గిన్నె బయటికి తీసి పెరుగన్నం కలిపింది, ఒక్క చెంచా పెరుగు మాత్రం మూత ఉన్న చిన్న డబ్బాలోకి తీసి పక్కన పెట్టింది.