సందేశాల వెల్లువ.. సమాచారం గల్లంతు
మొరాయిస్తున్న కార్యాలయ సాఫ్ట్‌వేర్‌లు

తెనాలి: కరోనా కారణంగా 2020లో హైదరాబాద్, బెంగళూరుల నుంచి సొంతూళ్లకు చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్లలో తరచూ వినిపించిన మాట ‘నా గొంతు వినిపిస్తోందా?’. సిగ్నల్ కోసం మేడపైకెక్కి వారు పడిన పాట్లు ఇంట్లోని పెద్దలకు తెలిసినవే. లోపమంతా పల్లెటూరి నెట్‌దేనని అందరూ భావించారు. అందులో కొంత వాస్తవం ఉన్నప్పటికీ సాఫ్ట్‌వేర్ వంతూ తక్కువేమీ కాదు.

ఇందుకు స్కైప్ ఉదంతమే నిదర్శనం. స్వీడన్‌కు చెందిన నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, డెన్మార్క్‌కు చెందిన యానుస్ ఫ్రీస్ 2003లో దీనిని ప్రారంభించగా, ఎస్తోనియా ప్రోగ్రామర్లు రూపకల్పన చేశారు. కాల్స్ ఒకే కేంద్రం గుండా కాకుండా వినియోగదారుల కంప్యూటర్ల మధ్యనే సాగేవి. దీంతో సంస్థకు సర్వర్ల ఖర్చు తగ్గింది, వినియోగదారుకు కాల్ ఉచితమైంది. అమెరికాలోని పిల్లలతో మాట్లాడేందుకు ఇంటర్నెట్ సెంటర్లలో వేచి ఉన్న తల్లిదండ్రులకు ఆ నీలిరంగు గుర్తు సుపరిచితం.

మైక్రోసాఫ్ట్ 2011లో 850 కోట్ల డాలర్లకు స్కైప్‌ను కొనుగోలు చేసింది. క్రమేణా దాని నిర్మాణాన్ని తన సర్వర్ల మీదికి మార్చింది. ఇది తప్పనిసరి మార్పే. చేతి ఫోను బ్యాటరీ ఇతరుల కాల్స్ భారం మోయజాలదు. చిక్కు ఆ తర్వాత వచ్చింది. 2017లో యువతను ఆకట్టుకునేందుకంటూ ఫొటో ముచ్చట్ల అరను చేర్చి రూపురేఖలు మార్చారు. విమర్శలు రావడంతో 2018లో దానిని తొలగించారు. మరోవైపు, కార్యాలయాల్లో వాడే లింక్ అనే వేరొక సాఫ్ట్‌వేర్‌కు 2015లో ‘స్కైప్ ఫర్ బిజినెస్’ అని పేరు పెట్టారు. పేరు ఒకటే, సరుకు వేరు! 2017లో టీమ్స్ వచ్చింది. 2021 జులై 31న బిజినెస్ స్కైప్ ఆన్‌లైన్ సేవ, 2025 మే 5న అసలు స్కైప్ నిలిచిపోయాయి.

తొలినాటి టీమ్స్ లోపల ఒక బ్రౌజరే ఇమిడి ఉండేది. వెబ్ పేజీ కోసం రాసిన ప్రోగ్రామునే అన్ని రకాల కంప్యూటర్లలో నడిపించవచ్చు కనుక తయారీదారుకు శ్రమ ఆదా. మెమొరీ భారం మాత్రం ఉద్యోగి కంప్యూటర్‌పై పడుతుంది. 2023లో కొత్త టీమ్స్‌ను విడుదల చేస్తూ, ఇది రెట్టింపు వేగంతో, సగం మెమొరీతో పనిచేయగలదని సంస్థ ప్రకటించింది. పాతది ఎంత బరువో చెప్పకనే చెప్పినట్లయింది.

బాగాలేకున్నా ఎందుకు వాడుతున్నారన్నది సహజంగా తలెత్తే ప్రశ్న. కొనేది యాజమాన్యం, వాడేది ఉద్యోగి. వర్డ్, ఎక్సెల్‌తో కలిపి ఒకే ప్యాకేజీలో వచ్చినప్పుడు వేరొకదానికి సొమ్ము చెల్లించేందుకు ఏ సంస్థా ముందుకు రాదు. ఈ జోడింపుపైనే ప్రత్యర్థి స్లాక్ 2020లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. టీమ్స్ లేని ప్యాకేజీలను తక్కువ ధరకు ఇస్తామన్న మైక్రోసాఫ్ట్ హామీలను కమిషన్ 2025 సెప్టెంబరులో ఆమోదించింది. ఫిర్యాదుదారూ పులుకడిగిన ముత్యమేమీ కాదు. 2021లో సేల్స్‌ఫోర్స్ చేతికి వెళ్లిన స్లాక్, మరుసటి ఏడాదే ఉచిత ఖాతాల్లో 90 రోజులు దాటిన సందేశాలు కనిపించకుండా చేసింది.

కంప్యూటర్ లేని కొలువులకూ ఈ బెడద తప్పలేదు. ఒకప్పుడు మండల విలేకరులు వార్తల కవరును ఆర్టీసీ బస్సు కండక్టరుకు అప్పగిస్తే రాత్రికి కార్యాలయానికి చేరేది. ఇప్పుడు ఫోనులోని నాలుగు గ్రూపుల్లో పెట్టి, అందిందో లేదో మళ్లీ ఫోన్ చేసి అడగాల్సి వస్తోంది. పైపులైను మరమ్మతు వల్ల రెండు రోజులు మంచినీరు రాదంటూ ఈ విలేకరి పంపిన ప్రకటన ఒకటి శుభోదయం సందేశాల అడుగున పడి మరునాడు అచ్చయింది. అప్పటికే బిందెలు పట్టుకుని జనం చేతిపంపు వద్ద బారులు తీరారు.