ఎంసీబీ ఎందుకు పడిపోతుంది?

చలికాలం, పొద్దున ఐదున్నర. పాశమైలారం పారిశ్రామికవాడ పక్కన ఇస్నాపూర్ సందుల్లో వరసగా కట్టిన అద్దె గదులు. మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు లేచారు. ఒక గదిలో బకెట్టులో హీటర్ రాడ్, పక్క గదిలో ఇండక్షన్ స్టవ్ మీద అన్నం. నాలుగు గదులకూ ఒకటే లైను. మెట్ల కింద బోర్డులో టక్కుమని చప్పుడు. "ఎంసీబీ పడిపోయింది!" ఎవరో చెప్పులేసుకుని వెళ్లి పైకి లేపుతారు. కాసేపటికి మళ్లీ పడుతుంది. ఇలా నాలుగు రోజులు గడిచాక ఇంటి ఓనరు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, "జర పెద్దది పెట్టన్నా, ఊకె పడిపోతుంది" అంటాడు. 16 ఆంపియర్లది తీసి 32ది బిగిస్తారు. ఇక పడదు. ఈ పారిశ్రామిక ప్రాంతంలోనే కాదు, అద్దె గదులున్న ప్రతిచోటా ఇదే తంతు.

కాస్త లెక్క చూద్దాం. రాడ్ 1500 వాట్లు, స్టవ్ 2000 వాట్లు అనుకుంటే, 230 వోల్టుల దగ్గర రెండూ కలిసి 15 ఆంపియర్లు లాగుతాయి. మరో గదిలో ఇంకో జత పెడితే 30. గోడలో ఉన్నది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. బోర్డు నుంచి 20 మీటర్లు పోయి, 20 మీటర్లు తిరిగొస్తే దాని నిరోధం 0.3 ఓం దాకా ఉంటుంది. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. 1840ల్లో జూల్ తేల్చిన సూత్రం ఇది. 15 ఆంపియర్ల దగ్గర ఆ తీగలో పుట్టే వేడి సుమారు 67 వాట్లు. 30 దగ్గర 270. అంటే పాత అరవై వాట్ల బల్బులు నాలుగింటిని గోడలో పెట్టి, పైన సిమెంటు పూసి, వెలిగించినట్టు. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారవుతుంది. అది దాటి రోజూ కాగితే గట్టిపడి, పెళుసెక్కి, పగుళ్లిస్తుంది. ఏదో ఒకరోజు ఫేసూ న్యూట్రలూ ఒకదానికొకటి తగులుతాయి.

చాలామంది ఎంసీబీ ఉన్నది ఫ్రిజ్‌ను, టీవీని కాపాడటానికనుకుంటారు. కాదు. అది గోడలోని తీగకు కాపలా. తీగ ఎంత మోయగలదో చూసి ఎంసీబీ వేయాలి తప్ప, మన వాడకాన్ని బట్టి కాదు. పూర్వం ఈ పని పింగాణీ కటౌట్లలోని ఫ్యూజు వైరు చేసేది. తాను కరిగి మిగతా తీగను బతికించేది. మనవాళ్లు దానికీ విరుగుడు కనిపెట్టారనుకోండి: నాలుగు పోగులు మెలేసి చుట్టేవాళ్లు! కరిగిపోకుండా, లేపితే మళ్లీ పనిచేసే చిన్న బ్రేకర్‌కు 1924లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్జ్ కంపెనీ పేటెంటు తీసుకుంది. ఈనాటి ఎంసీబీలోనూ ఉన్నది ఆ ఉపాయమే.

పటాన్‌చెరులో ఒక ఎలక్ట్రికల్ షాపులో, కాలిపోయిన ఎంసీబీని స్క్రూడ్రైవరుతో విప్పించి చూశాను. అరచేతిలో పట్టే డబ్బాలో ఇద్దరు కాపలాదారులు. ఒకరు నిదానస్తుడు: రెండు వేర్వేరు లోహాలు అతికించిన పట్టీ. వేడెక్కితే ఒక లోహం ఎక్కువ సాగి పట్టీ వంగుతుంది, వంగి గొళ్లెం తప్పిస్తుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ 18 దగ్గర గంటసేపు ఓర్చుకోవచ్చు. 23 దాటితే గంటలోపు పడి తీరాలి. 30 దగ్గరైతే నిమిషాల్లోనే పడుతుంది. ఈ ఆలస్యం లోపం కాదు. తీగ కూడా వేడెక్కడానికి సమయం పడుతుంది కదా, పట్టీ దాని అడుగుల్లోనే నడుస్తుంది. పడిన వెంటనే లేపితే నిలవకపోవడానికీ కారణం ఇదే, పట్టీ ఇంకా చల్లారలేదు.

రెండో కాపలాదారుకు ఓపిక లేదు. అది తీగచుట్ట. షార్ట్ సర్క్యూట్‌లో కరెంటు ఒక్కసారిగా వందల ఆంపియర్లకు ఎగబాకితే చుట్ట అయస్కాంతమై లోపలి ఇనుప కడ్డీని లాగి కొడుతుంది. అంతా సెకనులో పదో వంతు లోపే. సీ రకం ఎంసీబీలో ఇది 5 నుంచి 10 రెట్ల మధ్య కదులుతుంది, అంటే 16 ఆంపియర్లదైతే 80కీ 160కీ మధ్య. ఫ్రిజ్ మోటారు స్టార్టయ్యేటప్పుడు లాగే క్షణికమైన కరెంటుకు ఉలిక్కిపడకుండా ఈ వెసులుబాటు. ఫ్యాక్టరీల్లో పెద్ద మోటార్లకు 10 నుంచి 20 రెట్ల దాకా ఆగే డీ రకం వాడతారు.

కాంటాక్టులు విడిపోగానే పని అయిపోదు. వాటి మధ్య గాలిలోనే కరెంటు వేల డిగ్రీల నిప్పు వంతెన కట్టుకుంటుంది. దాన్ని పక్కకు లాగి, ఇడ్లీ రేకుల్లా దగ్గరదగ్గరగా పేర్చిన పలుచని ఇనుప రేకుల్లోకి తోస్తారు. అక్కడ ముక్కలై, చల్లబడి ఆరిపోతుంది. నేను చూసినదాంట్లో రేకుల అంచులు నల్లగా మాడి ఉన్నాయి. కొందరు మీట కిందికి పడకుండా టేపు వేస్తారు. దానివల్ల లాభం లేదు, మీటను గట్టిగా పట్టుకున్నా లోపలి కాంటాక్టులు విడిపోతాయి.

ఇంతచేసినా ఎంసీబీ మనిషిని కాపాడదు. గుండె లయ తప్పడానికి ఒక ఆంపియర్‌లో పదో వంతు చాలు, 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. దానికి ఆర్‌సీసీబీ కావాలి. ఫేసులో పోయిందీ, న్యూట్రల్‌లో తిరిగొచ్చిందీ సరితూగకపోతే, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే అది పడిపోతుంది. బకెట్టులో రాడ్ పెట్టే ఇంట్లో ఇది లేకపోవడం నా దృష్టిలో నేరమే. దాని మీదున్న 'టీ' బొత్తాన్ని అప్పుడప్పుడూ నొక్కి, పడుతోందో లేదో చూడాలి. సాకెట్ దగ్గర స్క్రూ వదులై నిప్పురవ్వలు రాలుతున్నా ఎంసీబీ పసిగట్టలేదు. అక్కడ మన ముక్కే దిక్కు.

మీ బోర్డు మీదున్న ఎంసీబీ పైన ఏముందో ఇవాళే చదవండి. సీ32 అని ఉంటే, దాని వెనకున్న తీగ ఎంత మందమో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. 2.5 అని చెబితే ఆ ఎంసీబీని తీయించి 16ది పెట్టించండి. గదులకు విడివిడిగా లైన్లు లాగించమని ఓనరును అడగండి.