సేంద్రియ బియ్యము ధర యేల యెక్కువ?



సేంద్రియ బియ్యమును పట్నమునకు తీసికొనిపోయినపుడు కొనువారు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "మందులు కొనలేదు, ఎరువులు కొనలేదు, మరి ధర యేల పెరిగినది?" దీనికి లెక్కతో జవాబు చెప్పలేని రైతు అక్కడికక్కడే ధర తగ్గించి ఇంటికి వచ్చును. కావున ఆ లెక్కను మనమే ముందుగా చూచుకొందము.

మొదట ఎరువు సంగతి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతము, అనగా సుమారు 20 కిలోలు ఉండును. బాగుగా మాగిన పశువుల ఎరువులో అది సాధారణముగా అర శాతము మాత్రమే. అంత నత్రజని చేర్చవలెనన్న 4 టన్నుల ఎరువు కావలెను. బండికి అర టన్ను చొప్పున 8 బండ్లు. యూరియా బస్తాను ఒక్క మనిషి పూటలో చల్లివేయును. 8 బండ్ల ఎరువును పోగు నుండి ఎత్తవలెను, తోలవలెను, దింపవలెను, చిమ్మవలెను. పైగా అందులోని నత్రజని కొంత మాత్రమే ఆ పంటకు అంది, తక్కినది తరువాతి పంటలకు మిగులును. నేలకు అది మేలే. కాని కూలి డబ్బు ఈ యేడే చెల్లించవలెను గదా! ఇంకొక సంగతి. ఆ యూరియా బస్తా మీకు సుమారు 266 రూపాయలకు లభించుచున్నదన్న, అసలు ఖరీదులో అధిక భాగమును ప్రభుత్వము రాయితీగా భరించుటచేతనే. ఆ సొమ్ము అంగడిలో మామూలు బియ్యము ధరలో కనిపించదు. మీ పెంటపోగునకు బస్తా లెక్కన అట్టి రాయితీ లేదు.

తరువాత కలుపు. మందు వాడువారు వరి నాటిన 3 నుండి 5 దినములలో ఒకసారి వేసి ఊరకుందురు. సేంద్రియ రైతు 20వ, 40వ దినముల ప్రాంతమున రెండుమార్లు కూలీలను దింపవలెను. వరుసలలో నాటినచో కోనోవీడరు త్రిప్పవచ్చును గాని, మొదళ్ల చెంతనున్న కలుపును చేతితోనే తీయవలెను. మొత్తము ఖర్చులో ఇదే పెద్ద పద్దు అని నా అభిప్రాయము. ఇంటి ఆడవారు తీసిన కలుపునకు కూలి వ్రాయని పుస్తకము లెక్క పుస్తకము కాదు.

అన్నిటికంటె గట్టి దెబ్బ మార్పిడి కాలమున తగులును. జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమము నియమముల ప్రకారము వరి వంటి పంటలకు విత్తుటకు ముందు 2 సంవత్సరములు, మామిడి వంటి తోటలకు మొదటి కోతకు ముందు 3 సంవత్సరములు సేంద్రియ పద్ధతులు పాటించవలెను. ఆ కాలములో దిగుబడి తగ్గవచ్చును. ఖర్చు సేంద్రియ సేద్యముది, ధర మామూలు పంటది. ఆ నష్టము కూడ తరువాతి ధరలో చేరవలసినదే. అప్పు తెచ్చి పొలమంతయు ఒకేసారి మార్చుట ప్రమాదము. కొద్ది నేలతో ప్రారంభింపుడు. మిగిలిన పొలమును ఎప్పటిలోగా మార్చవలెనో ధ్రువపత్రము ఇచ్చువారిని ముందే అడుగుడు.

పంట ఇంటికి చేరినను ఖర్చు ఆగదు. గిడ్డంగిలో పురుగునకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు దీనికి పనికిరావు. మిల్లును శుభ్రము చేయించి ఆడించవలెను. మొదట వచ్చిన బస్తాలలో పాత బియ్యము కలియును గనుక వాటిని మామూలు ధరకే అమ్మవలెను. పది బస్తాలవానికి ఇది పెద్ద నష్టము, వంద బస్తాలవానికి లెక్కలోనికి రాదు.

ఇచ్చట గ్రామాధికారుల సహాయము అక్కరకు వచ్చును. జనగామ ప్రాంతములోని ఏనెబావి గ్రామము 2006లో ఊరంతయు సేంద్రియమునకు మారినది. అట్లు మారినచోట పక్క చేని మందునకై గట్టు వెంబడి నేల వదలవలసిన అవసరము తగ్గును. కనీసము 5 గురు రైతులు జట్టుగా చేరిన పి.జి.యస్. పద్ధతిలో ఒకరి పొలము నొకరు తనిఖీ చేసికొని తక్కువ ఖర్చుతో ధ్రువపత్రము పొందవచ్చును. అట్టి జట్టు కోతకు ముందే మిల్లు యజమానితో ఒక దినము నిర్ణయించుకొని, అందరి ధాన్యమును వరుసగా ఆడించినచో, ఆ తొలి బస్తాల నష్టము ఒక్కనిపై పడదు.