పిల్లలు పడుకున్నాక ప్రోగ్రామింగ్

మన హాస్టల్లో చదివిన అక్కలూ చెల్లెళ్లలో ప్రైవేటు బడుల్లో టీచర్లు, నర్సులు, షాపుల్లో లెక్కలు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. పెళ్లయి, ఒకరిద్దరు పిల్లలు పుట్టాక వారిలో కొందరు "ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వైపు మారవచ్చా, ఈ వయసులో వస్తుందా?" అని మమ్మల్ని అడుగుతున్నారు. వయసు మాటకేం గానీ, ముందు గంటల లెక్క చూద్దాం.

హాస్టల్లో స్టడీ అవర్‌కు గంట కొట్టేవారు. ఆ కాసేపు మనల్ని ఎవరూ కదిలించేవారు కాదు. అదెంత పెద్ద సదుపాయమో ఇంట్లో రెండేళ్ల బిడ్డ ఉన్నప్పుడు తెలుస్తుంది. ప్రోగ్రాము రాసేటప్పుడు నాలుగైదు సంగతులు ఒకేసారి బుర్రలో నిలుపుకోవాలి. లేచి పాలు కాచి వచ్చేసరికి అన్నీ చెదిరిపోతాయి. అందుకే ఆపే ముందు "తర్వాత చేయాల్సింది ఇది" అని ఒక్క వాక్యం రాసిపెట్టుకోవాలి. పైథాన్ భాషలో హ్యాష్ గుర్తు పెట్టి ఆ వరుసలో ఏం రాసినా కంప్యూటర్ పట్టించుకోదు. కాబట్టి తెలుగులోనే రాసుకోవచ్చు. "బియ్యం మిగులు తప్పు వస్తోంది, మూడో వరుస చూడాలి" అని ఉంటే, రేపు కూర్చోగానే పని అక్కడి నుంచే మొదలవుతుంది.

బియ్యం అని ఊరికే అనలేదు. మొదటి ప్రోగ్రాముకు మన మెస్ స్టాకు రిజిస్టరు కంటే మంచి పాఠం లేదు. ఉదయం నిల్వలోంచి వాడింది తీసేస్తే మిగులు. మిగులు రెండు రోజులకు సరిపడా లేకపోతే "సరుకు తెప్పించాలి" అని చెప్పాలి. ఇదే పని పప్పుకు, నూనెకు, ఉప్పుకు మళ్లీ మళ్లీ చేయాలి. లెక్క, షరతు, పునరావృతం మూడూ ఇందులోనే వచ్చేశాయి.

తెలుగు మీడియం వాళ్లకు ఇంగ్లీషు భయం ఉంటుంది. పైథాన్‌లో ఆ భాష తన కోసం ఉంచుకున్న మాటలు 35 మాత్రమే. కష్టమంతా తప్పు దొర్లినప్పుడు వచ్చే ఎర్రర్ సందేశం దగ్గరే. దాన్ని కింది నుంచి పైకి చదవండి. తప్పేమిటో చివరి వరుసలో ఉంటుంది, ఎక్కడుందో దాని పైన ఉంటుంది.

ఇంట్లో పిల్లల్ని పెట్టుకుని ఈ పని చేయడం కొత్తేమీ కాదు. బ్రిటన్‌లో స్టెఫనీ షర్లీ అనే ఆవిడ 1962లో ఒక కంపెనీ పెట్టి, పిల్లలు పుట్టి ఉద్యోగం మానేసిన ప్రోగ్రామర్లకు ఇంటి నుంచే పని ఇచ్చారు. అప్పట్లో ఇంట్లో కంప్యూటర్ ఎక్కడిది? కాగితం మీద పెన్సిలుతో రాసేవారు. స్టెఫనీ అని సంతకం చేస్తే ఉత్తరాలకు జవాబు రాకపోవడంతో స్టీవ్ అని చేయడం మొదలుపెట్టారు. ఫోన్‌లో పిల్లల గోల వినపడకుండా టైప్ మిషన్ చప్పుడు రికార్డు చేసి వేసేవారట! కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్‌కు ప్రోగ్రాము రాసింది ఆ ఇళ్లలోని ఆడవాళ్లే.

పాఠాలు వినడం బిడ్డ ఒళ్లో ఉన్నప్పుడూ కుదురుతుంది. తప్పు వెతకడం మాత్రం అలా కుదరదు, దానికి నిశ్శబ్దం కావాలి. ఆ గంట ఎవరో ఒకరు ఇవ్వాలి. అమ్మో, అత్తగారో, భర్తో. ఎవరు, ఎన్ని గంటలకు అనేది కోర్సు ఫీజు కంటే ముందు తేల్చుకోండి. (ఇది చదువుతున్న తమ్ముళ్లూ, ఆ గంట ఇవ్వాల్సింది రేపు మీరే.) వారానికి 5 రోజులు, రోజుకో గంట చొప్పున ఆరు నెలలకు 130 గంటలవుతాయి. ఉద్యోగానికి ఇది చాలదు. ఈ పని మనకు నచ్చుతుందో లేదో తేలడానికి చాలు. అందాకా ఉన్న ఉద్యోగం వదలవద్దు.

అమీర్‌పేటలో గానీ మరెక్కడైనా గానీ, డబ్బు కడితే మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు ఇస్తామనేవాళ్ల జోలికి పోకండి. కంపెనీలు పీఎఫ్ రికార్డులు చూస్తాయి, అక్కడ దొరికిపోతారు. మీ పాత అనుభవాన్నే చూపించండి. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ పరీక్షించే చోట, వార్డు ఎలా నడుస్తుందో తెలిసిన నర్సు మాటకు విలువ ఉంటుంది. లెక్కలు రాసినవారికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సొంతిల్లు లాంటిది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక చిన్న చిన్న ప్రోగ్రాములు యంత్రమే రాసిపెడుతోంది. రాసింది సరిగ్గా ఉందో లేదో పట్టుకోవడం ఆ పని తెలిసినవాళ్ల వల్లే అవుతుంది.

2017 చట్ట సవరణతో 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో పసిపిల్లల కోసం క్రెష్ తప్పనిసరి అయింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ఆఫర్ లెటర్ వచ్చాక జీతంతో పాటు ఆ క్రెష్ ఎక్కడుందో కూడా అడగండి, మొహమాటపడకండి.